జీపు చప్పుడు వినబడితే

బ్లోండూవోస్,
అక్టోబర్ 1988

హాల్డోరా పెద్దమ్మకు,

నువ్వు బాగున్నావని తలుస్తాను అని రాయను. బాగాలేవని ఆస్గేర్ పెదనాన్న అమ్మకి చెప్పేశాడు. గాలి లేస్తే చాలు, జీపు చప్పుడు వినబడిందని కాఫీ పెడుతున్నావట. బల్ల మీద మూడో కప్పు కూడా పెట్టి, తలుపు వైపు చూస్తూ కూర్చుంటున్నావట. వాతావరణ కేంద్రంలో మీరుండేది ఇద్దరే కదా. ఆ మూడో కప్పు ఎవరిదో మా ఇంట్లో అందరికీ తెలుసు. ఎవరూ నోరెత్తరు. నేను ఎత్తుతాను.

రేడియోలో అడగొచ్చు కదా అంటావేమో. మన రేడియో సంగతి నీకు తెలీదా? ఆ పీఠభూమి మీద నువ్వు తుమ్మితే తూర్పు తీరంలో పడవలవాళ్ళు "దేవుడు చల్లగా చూడాలి" అంటారు. అందుకే ఉత్తరం.

అన్నయ్య జీపు మా షెడ్డు వెనక ఉంది. మంచు కరిగాక మీ ఇంటికి దక్షిణాన ఆ పల్లంలో దొరికినప్పటి నుంచీ అక్కడే పడి ఉంది. ట్రిగ్వి దాన్ని తుక్కుకింద అమ్మేస్తానన్నాడు. "నా శవం మీద నుంచి లాక్కెళ్ళు" అన్నాను. "నీ శవానికి తుక్కు ధర కూడా రాదురా" అన్నాడు. యజమాని కాబట్టి ఊరుకున్నాను. తలుపు తీస్తే లోపల ఇంకా ఆపిల్స్ వాసన. పోయిన క్రిస్మస్‌కి అన్నయ్య నీకోసం తెస్తున్న బుట్టది. సీట్లన్నీ రెండుసార్లు కడిగాను. పోవడంలేదు.

నిన్న సహకార దుకాణంలో ముసలి ఫిన్నుర్, కాఫీ మరగబెట్టే డబ్బా పక్కన నిలబడి, నేను వింటున్నానని తెలిసే అంటున్నాడు: "ఇల్లు దాటి దక్షిణానికి పోయాడంటే కళ్ళు నెత్తిన పెట్టుకుని ఉంటాడు. పైగా జీపు వదిలి నడిచాడు. అలాంటివాణ్ణి దేవుడైనా వెతకడు." నా చేతిలో పాలసీసా ఉంది. నేలకేసి కొట్టాను. దుకాణమంతా నేనే తుడిచాను. అన్నయ్య దారి తప్పేవాడా పెద్దమ్మా? కళ్ళకి గంతలు కట్టినా మీ ఇంటికి వచ్చేవాడు.

తప్పింది దారి కాదు, టైరు. లోతు మంచులో పోవాలంటే టైర్లలో గాలి తీసెయ్యాలి. అప్పుడు టైరు హంస పాదంలా పరుచుకుని మంచు మీద తేలుతుంది. కానీ టైరు అంచుని రిమ్ముకి పట్టి ఉంచేది ఆ గాలే. గాలి తగ్గాక ఏటవాలులో గట్టిగా తిప్పావో, అంచు జారిపోతుంది. ఇక బండి ఒట్టి ఇనుము మీద కుంటుతుంది. కుడి ముందు చక్రానికి టైరు అలాగే ఊడింది.

నేను కడియం చక్రాలు చేస్తున్నాను. రిమ్ము అంచు కోసేసి అక్కడ ఒక ఇనుప కడియం వెల్డింగ్ చేస్తాను. టైరు అంచు దాని మీద కూర్చుంటుంది. పైన ఇంకో కడియం పెట్టి చుట్టూ బోల్టులు బిగిస్తే, అంచు రెండింటి మధ్య నలుగుతూ ఉంటుంది. గాలి ఉన్నా లేకపోయినా జారదు. బీడ్‌లాక్ అంటారు. "ఎవరు నేర్పారురా నీకు?" అని ట్రిగ్వి వెక్కిరింత. ఎవరూ నేర్పలేదు, అందుకే మర్చిపోను అన్నాను.

ఇక అసలు సంగతి. చప్పుడు వచ్చాక వెనకాల మనిషి కూడా రావాలి. లేకపోతే నీకు పిచ్చెక్కుతుంది. ఈ చలికాలంలోనే నేను వస్తున్నాను, ఆ జీపులోనే. వచ్చి నిన్ను కిందికి తీసుకుపోతాను.

ఇల్లుగి

*

గ్రావెల్లిర్ వాతావరణ కేంద్రం,
నవంబర్

ఇల్లుగీ,

నీ ఉత్తరం ఆయిలు పీపాలతో పాటు మంచు ట్రాక్టర్ మీద వచ్చింది. వాసన కూడా పీపాలదే. అక్షరాలు మాత్రం నీ చిన్నప్పటివే, ఒక్కొక్కటీ ఎవరినో కొట్టడానికి పోతున్నట్టుంటాయి.

ఇక్కడ ఉత్తరపు గాలి. చూపు ఆనే దూరం గుర్రం తల నుంచి తోక దాకా, అదీ గుర్రం ఉంటే.

ఆస్గేర్‌కి నా కాఫీ మీద కోపం లేదు, మూడో కప్పు మీదే. "ఎవరికది?" అని అడుగుతాడు. "నీ రెండో కప్పు" అంటాను. నమ్మడు, కానీ తాగుతాడు.

నేను ఎక్కడికీ దిగిరాను. అరిచి లాభం లేదు. చప్పుడు వినబడుతున్నంత కాలం ఈ ఇంట్లో ఎవరో ఒకరు తలుపు తియ్యడానికి ఉండాలి. ఆస్గేర్ తియ్యడు. ఆయనకి వినబడదు. ఆయన కుడి చెవి ఎప్పటి నుంచో అలంకారమే, ఎడమది నా మాటలకి మాత్రం మూసుకుంటుంది. నేను లేని రోజున వాడు వస్తే?

నాకు పిచ్చని నీ తల్లి అనుకుంటోంది, తెలుసు. గాలిలో ఎన్ని రకాల చప్పుళ్ళుంటాయో నాకంటే ఎవరికి బాగా తెలుసు? కొలిచి చెప్పడమే కదా నా ఉద్యోగం. అది గాలి కాదు.

ఆ జీపు ఇక్కడికి తేవద్దు. ఒకే తల్లి కన్న ఇద్దరిని ఒకే జీపు మింగడం నేను చూడను. తుక్కుకి పోనీ. నీ కడియాల సంగతి నాకు అర్థమైంది. జాడీ మూతలు బిగించిన చేతులే ఇవి. ఒక పక్క గట్టిగా తిప్పితే రెండో పక్క లేస్తుంది. అది గుర్తు పెట్టుకో, ఇంకెవరి జీపుకైనా చేసేటప్పుడు.

ఆపిల్స్ వాసన అన్నావు. కాసేపు ఆ మాట దగ్గరే ఆగిపోయాను.

హాల్డోరా

*

బ్లోండూవోస్,
నవంబర్ చివర

పెద్దమ్మా,

తుక్కుకి పంపను. ఇంకెవరి జీపుకీ చెయ్యను. ఇక ఆ విషయం వదిలెయ్.

టైర్ల దగ్గర ట్రిగ్వితో పెద్ద గొడవైంది. వాడు గోడల్లాంటి టైర్లు రెండు జతలు తెప్పించాడు. పక్కలు రాయిలా గట్టి. "ఇవి కొండ మీద కూడా చిరగవు" అన్నాడు. నేను ఒక టైరు నేల మీద పడేసి, గాలి లేకుండా, దాని మీద ఎక్కి నిలబడ్డాను. కొంచెం కూడా వంగలేదు. "చూశావా ఎంత బలమో!" అని వాడు. "చూశాను. మంచులో ఇది పార, పాదం కాదు. తేలదు, తవ్వుకుంటూ దిగిపోతుంది" అని నేను. పక్కలు మెత్తగా వంగేవి కావాలి నాకు. వంగేవి రిమ్ము మీద నిలవవని వాడి బాధ. అందుకే కదరా కడియం! ఆ మాట మూడుసార్లు అరిస్తే గానీ ఎక్కలేదు. చివరికి పడవల రేవులో ఒకడి దగ్గర అరిగీ అరగనివి, మెత్తటివి రెండు జతలు దొరికాయి. ఒకదాని మీద నేను నిలబడితే చాపలా పరుచుకుంది. అవే పట్టుకొచ్చాను. మనిషి ఎత్తులో సగం కంటే ఎక్కువే ఉంటాయి. మడ్‌గార్డులకి తగలకుండా బాడీ పైకి లేపి, వాటి అంచులు కోశాను. అన్నయ్య జీపు మీద రంపం పెట్టేముందు షెడ్డు తలుపు వేసుకున్నాను. ఎవరూ చూడలేదు.

మొదటి కడియం పాడు చేశాను. ఒకచోట మొదలెట్టి చుట్టూ వెల్డింగ్ చేసుకుంటూ పోయాను. చల్లారేసరికి రొట్టెలా వంకర పోయింది. ట్రిగ్వి నవ్వుకున్నంత నవ్వుకున్నాడు. రెండోదానికి అక్కడో చుక్క, ఎదురుగా ఇంకో చుక్క వేసుకుంటూ, మధ్యలో చల్లారనిస్తూ చేశాను. తిప్పి చూస్తే చీమ తలంత కూడా ఊగలేదు. ట్రిగ్వి నవ్వు ఆపి, లేత్ మిషన్ తాళంచెవి నా బల్ల మీద పెట్టి వెళ్ళిపోయాడు. వాడిలో నాకు నచ్చేది అదొక్కటే.

నిన్న అన్నయ్య పాత చక్రం విప్పాను, ఆ కుడి ముందుది. ఎవరూ విప్పలేదు ఇన్నాళ్ళూ. చూడగానే తెలిసింది, ఊడిన టైరుతో చాలాసేపు నడిపాడు. ఇనుము అంచు అరిగి కత్తిలా అయింది. టైరుకీ రిమ్ముకీ మధ్య ఏదో తెల్లటి పెచ్చు గట్టిగా ఇరుక్కుని ఉంది. సుద్దలా ఉంది గానీ సుద్ద కాదు, గోటితో గీస్తే పొరలు పొరలుగా లేస్తుంది. ఉలి పెట్టి తియ్యాల్సి వచ్చింది.

ఒకటి అడుగుతాను. ఆ రోజు నీకేమైనా వినబడిందా? ఎవరూ అడిగి ఉండరు. పోలీసాయన కూడా "చూశారా" అనే అడిగాడు. వినబడిందా?

ఇల్లుగి

*

గ్రావెల్లిర్,
డిసెంబర్

ఇల్లుగీ,

వినబడకపోవడమేమిటి? వినబడింది.

మధ్యాహ్నం కాఫీ వేళ. బయట అప్పటికే చీకటి. పొద్దుటి నుంచీ గాలి మంచుని నేల మీద నుంచి లేపి అడ్డంగా విసురుతోంది. వంటింటి దీపం కిటికీలో పెట్టాను, ఎప్పటిలాగే. ఆస్గేర్ రాత్రి వంతు చేసి నిద్రపోతున్నాడు. మీ అన్న స్టేనర్ జీపు చప్పుడు వచ్చింది. ఉత్తరం వైపు నుంచి, తగ్గుతూ హెచ్చుతూ, ఆ ఇంజను దగ్గు ఉంది కదా, అదే.

వాడు కాదని నాకు వెంటనే తెలిసింది. అది వాడి తోడు. మీ అమ్మ మీకు చెప్పలేదా? మనిషి కంటే ముందు మనిషి తోడు వస్తుంది. మన ఇళ్ళల్లో కొందరికి కుక్కలా, కొందరికి అడుగుల చప్పుడులా. స్టేనర్‌కి మాత్రం జీపులా. వాడు డ్రైవింగ్ నేర్చుకున్న ఏడాది నుంచీ అంతే. ముందు చప్పుడొస్తుంది, నేను కాఫీ పెడతాను, కాఫీ పొంగి దిగేసరికి అసలు జీపు వస్తుంది. వచ్చి, "పెద్దమ్మా, నేను వచ్చేది నాకంటే ముందు నీకెలా తెలుసే?" అంటూ బూట్లు విప్పకుండానే వంటింట్లోకి. ఎన్నిసార్లు తిట్టానో ఆ బూట్ల గురించి.

అందుకని నేను లేచి కాఫీ పెట్టాను. క్లేనూర్, ఆ మెలితిప్పిన తీపి ముక్కలు, వేయించి డబ్బాలో పెట్టి ఉన్నాయి, పళ్ళెంలో సర్దాను. వాడి కప్పు తుడిచాను. చప్పుడు ఇంటి వెనక్కి పోయింది, మళ్ళీ ముందుకి వచ్చింది. ఒకసారి ఏదో తడి గుడ్డ బండకేసి కొట్టినట్టు దబ్ దబ్‌మని కూడా వచ్చింది. హారను వినబడిందా అంటే, వినబడినట్టే ఉంది, గాలి కూడా అలా అరుస్తుంది. తలుపు తియ్యలేదు. తోడుకి ఎదురెళ్ళి చూడకూడదు. చూస్తే వచ్చే మనిషి రాడు అనేది మా అమ్మ. వాడు రావాలి కదా, అందుకే తియ్యలేదు.

తర్వాత చప్పుడు దక్షిణానికి పోయి ఆగిపోయింది. కాఫీ దిగింది. వాడు రాలేదు.

వాడి తోడు ఎప్పుడూ నమ్మకమైనదే, అందుకే ఇంకా వస్తోంది. గాలి లేచినప్పుడల్లా అదే దారి. ఇంటి వెనక్కి, ముందుకి, దక్షిణానికి. అది వస్తున్నంత కాలం వాడు ఎక్కడో బయల్దేరే ఉన్నాడన్నమాట. అర్థమైందా నేనెందుకు దిగిరానంటున్నానో?

ఈసారి క్రిస్మస్‌కి ఆపిల్స్ పంపవద్దని మీ అమ్మకి చెప్పు.

హాల్డోరా

*

బ్లోండూవోస్,
జనవరి 1989

హాల్డోరా పెద్దమ్మకు,

నీ ఉత్తరం అందింది. చదివాను. మీ ఇద్దరి ఆరోగ్యం బాగుంటుందని ఆశిస్తున్నాను.

చక్రాలు పూర్తయ్యాయి. జాడీ మూత గురించి నువ్వు చెప్పింది నిజమే. బోల్టులన్నీ వరసగా బిగించకూడదు. ఒకటి బిగించి, దాని ఎదురుది బిగించాలి. అదీ పూర్తిగా కాదు, అన్నీ కొంచెం కొంచెం, మళ్ళీ మొదటి నుంచి. టైరు అంచు కడియం మీద సరిగ్గా మధ్యలో కూర్చుందో లేదో ముందే చూసుకోవాలి. కూర్చోకుండా బిగిస్తే చక్రం జన్మంతా కుంటుతుంది. ఒకసారి నడిపాక రబ్బరు సర్దుకుంటుంది, బోల్టులు వదులవుతాయి. కొత్త బోల్టు మొదటి రోజు అబద్ధం చెబుతుంది. అందుకని నడిపి వచ్చి మళ్ళీ బిగించాను. మళ్ళీ నడిపి, మళ్ళీ బిగించాను.

గడ్డకట్టిన చెరువు మీద పరీక్షించాను. టైరు పొట్ట మంచుకి ఆనేదాకా గాలి తీసేసి, స్టీరింగ్ పూర్తిగా తిప్పి, ఏటవాలు ఒడ్డు మీదికి కొట్టాను. రిమ్ము ఎటు తిరిగితే టైరు అటు. జారలేదు.

దుకాణంలో ఫిన్నుర్ మళ్ళీ కనిపించాడు. "ఆ జీపుకి కొత్త బూట్లు తొడిగావట కదరా. బూట్లతో పాటు దారి కూడా కొనిపెట్టాల్సింది, మీ వంశంలో అదే కరువు" అన్నాడు. అందరూ నవ్వారు. వాడి నోరు మూయించే జవాబు నా జేబులో ఉంది, కాగితంలో చుట్టి. తియ్యలేదు. పాలసీసా కూడా బల్ల మీదే పెట్టాను. ట్రిగ్వి నన్ను బయటికి తీసుకొచ్చి, "ఒంట్లో బాగాలేదా?" అని అడిగాడు.

ఫిబ్రవరిలో వాతావరణం తెరిపిచ్చిన మొదటి రోజు బయల్దేరతాను. వాగు దాటేముందు రేడియోలో పెదనాన్నకి చెబుతాను.

నువ్వు నాకోసం ఒక్క పని చెయ్యి. జీపు చప్పుడు వినబడితే కాఫీ పెట్టకు. నడుముకి తాడు కట్టుకుని, రెండో కొస గుమ్మానికి కట్టి, దీపం తీసుకుని బయటికి రా. ఒక పళ్ళెం, గరిటె కూడా తెచ్చుకుని వాయించు. ఇంటి వెనక, వేడినీటి బుగ్గల వైపు. అది నేనా, నా తోడా, ఇంకెవరైనానా అని ఆలోచించవద్దు. ఎవరైనా సరే, బయటికి రా.

ఇల్లుగి

*

గ్రావెల్లిర్,
జనవరి చివర

ఇల్లుగీ,

నీ ఉత్తరం చదివి మడిచి పెట్టాను. కాసేపాగి, నువ్వు అంతకుముందు రాసింది తీసి చదివాను. నీ జేబులో ఉన్నదేమిటో నాకు తెలుసు.

ఆ తెల్ల పెచ్చు ఈ పీఠభూమి మొత్తం మీద ఒక్కచోటే ఉంది. మా ఇంటి వెనక, వేడినీటి బుగ్గల చుట్టూ. బుగ్గ నీళ్ళు ఆరి ఆరి కట్టే పెచ్చు అది. నేను రోజూ బట్టలారేసేది దాని పక్కనే. ఇవాళ ఒక ముక్క విరిచి తెచ్చి గోటితో గీశాను. పొరలు పొరలుగా లేచింది.

స్టేనర్ ఇల్లు తప్పలేదు. ఇంటికి వచ్చాడు. ఇంటి వెనక పెచ్చు మీదుగా, ఊడిన టైరుతో, దబ్ దబ్‌మంటూ తిరిగాడు. దీపం కనబడలేదు, కిటికీ అటువైపు లేదు కదా, ముందుకి వచ్చినప్పుడు మంచు కప్పేసి ఉంటుంది. హారను కొట్టాడు. ఎవరైనా తలుపు తీస్తారని చూశాడు. పల్లంలో కూరుకుపోయాక జీపు వదిలి నడిచింది కూడా అందుకే, ఇల్లు దగ్గరేనని వాడికి తెలుసు. వాడు నా గోడకి అవతల ఉన్నాడు. నేను లోపల వాడి కప్పు తుడుస్తున్నాను.

ఇదంతా నీకు తెలిసి, నాకు బోల్టుల గురించి రాశావా? "ఆరోగ్యం బాగుంటుందని ఆశిస్తున్నాను"ట! నోరు మూసుకోవడం నీకెవరు నేర్పారు? నీ అన్నని ఊరంతా దద్దమ్మ అంటుంటే, జవాబు జేబులో పెట్టుకుని నవ్వులు విని వచ్చావా, నాకోసం? అరవరా ఇల్లుగీ. నా మీద కేకలెయ్యి. నీ కేకలు నేను భరించగలను. ఈ మర్యాద భరించలేకపోతున్నాను.

చప్పుడు నిన్న కూడా వచ్చింది. మొట్టమొదటిసారి నాకు భయం వేసింది. ఇన్నాళ్ళూ అది వస్తున్నవాడి చప్పుడనుకున్నాను. తలుపు దగ్గర దాకా వెళ్ళాను. గొళ్ళెం మీద చెయ్యి వేశాను. తియ్యలేకపోయాను. తీస్తే ఏం చెప్పను వాడికి?

రా. ఆ జీపులోనే రా. తాడు ఉంది, దీపం ఉంది, పళ్ళెం ఉంది.

ఊరి సంగతి నాకు వదిలెయ్. అది నీ నోటితో చెప్పాల్సింది కాదు.

హాల్డోరా

*

బ్లోండూవోస్,
మార్చి

పెద్దమ్మా,

నువ్వు అకురేరిలో మీ అమ్మాయి ఇంట్లో సర్దుకున్నావని అమ్మ చెప్పింది. మనవరాలికి మబ్బుల పేర్లు నేర్పుతున్నావట.

జీపులో వస్తున్నంతసేపూ నువ్వు మాట్లాడలేదు. నేనూ అడగలేదు. వెనక సీట్లో పెదనాన్న గురక ఒక్కటే మాట్లాడింది. కాబట్టి ఇప్పుడు రాస్తున్నాను.

నువ్వు రేడియోలో మాట్లాడిన రోజు మేమంతా షెడ్డులోనే ఉన్నాం. ఫిన్నుర్ ట్రాక్టర్ టైరు పట్టుకొచ్చి ఉన్నాడు. "గ్రావెల్లిర్ నుంచి హాల్డోరా, నా చెల్లెలికి. నువ్వొక్కదానివే వింటున్నావని నాకు తెలుసు చెల్లీ, అందుకని నిదానంగా చెబుతాను" అని మొదలెట్టావు. ట్రిగ్వి గ్రైండరు ఆపేశాడు. "స్టేనర్ దారి తప్పలేదు. నా ఇంటి గోడ దాకా వచ్చాడు. నేను విన్నాను. తోడు అనుకుని తలుపు తియ్యలేదు. దారి తప్పింది నేను, ఇంట్లో కూర్చుని" అన్నావు. ఆ తర్వాత గాలి వేగం, ఉష్ణోగ్రత చదివావు, గొంతు మారకుండా. ఫిన్నుర్ టోపీ తీసి చేతిలో పట్టుకున్నాడు. ట్రాక్టర్ టైరు వదిలేసి ఇంటికి పోయాడు. మర్నాడు వచ్చి అమ్మతో ఏదో అనబోయి, ఏడ్చాడు. నాకు వాణ్ణి కొట్టాలని ఉండేది కదా, ఆ సరదా కూడా పోయింది.

ఇక నేను వచ్చిన రోజు. బయల్దేరేటప్పుడు తెరిపి. వాగు దగ్గరికి వచ్చేసరికి మూసుకుపోయింది, బానెట్టు కూడా కనబడలేదు. గాలి తీసేసి, తలుపు తెరిచి, కింద నేల చూసుకుంటూ నడిపాను. లోపల ఆపిల్స్ వాసన ఎంత ఎక్కువైందంటే కిటికీ దించాల్సి వచ్చింది. ఒక ఏటవాలులో కుడి ముందు చక్రం దేనికో తన్నుకుంది. జీపు పక్కకి ఒరిగింది. అన్నయ్యకి ఇక్కడే ఊడి ఉంటుందనుకున్నాను. కడియం కీచుమంది. దిగి చేత్తో తడిమాను. టైరు అంచు ఉన్నచోటే ఉంది. ఆ మంచులో మోకాళ్ళ మీద కూర్చుని, ఆ బోల్టుల మీద చెయ్యి పెట్టి, దేవుణ్ణి తిట్టాను. ఈ పాటి ఇనుము ఒక ఏడాది ముందు నా చేతికి ఎందుకు తట్టలేదని.

తర్వాత పళ్ళెం చప్పుడు వినబడింది. తర్వాత దీపం. బుగ్గల పక్కన, ఆ పెచ్చు మీద నువ్వు. కనుబొమ్మలు గడ్డకట్టి ఉన్నాయి. మంచు మోకాళ్ళ దాకా పేరుకుంది నీ చుట్టూ. చేతిలో గరిటె వంగిపోయి ఉంది.

నాకు నిద్ర పట్టనివ్వని సంగతి ఇది. వాగు దగ్గర నుంచి నేను రేడియోలో మాట్లాడినప్పుడు పెదనాన్న అన్నాడు: "నువ్వింకా వాగు దగ్గరే ఉన్నావా? ఆమె నీ చప్పుడు విన్నానని ఎప్పుడో బయటికి పోయింది, పిలిస్తే లోపలికి రావడంలేదు." అప్పటికి నేను నీకు వినబడే దూరంలో లేను పెద్దమ్మా. నువ్వు విన్నది నా తోడునా? నాకు అలాంటిది ఉందని ఎవరూ ఎప్పుడూ చెప్పలేదు. చెప్పు. నువ్వు చెబితే నమ్ముతాను.

ఇల్లుగి

*

అకురేరి,
మార్చి చివర

ఇల్లుగీ,

ఇక్కడ గాలి ఇళ్ళ మధ్య నుంచి వస్తుంది. గాలిలా ఉండదు, చుట్టంలా ఉంటుంది. అలవాటు కావాలి.

అది నీ తోడు కాదు. నీకు తోడు ఉంటే అది నీకంటే ముందు కాదు, నీతో పాటే వచ్చి, నీతో పాటే అరుస్తుంది.

ఆస్గేర్ పడుకున్నాడు. ఇంజను దగ్గు వినబడింది. దాని వెనకే దబ్ దబ్. నీ చక్రాలు అలా చప్పుడు చెయ్యవు, నువ్వు బిగించావు కదా. ఆ వచ్చే జీపుకి ఒక టైరు ఊడి ఉంది. ఎవరో నాకు తెలుసు.

చెయ్యి అలవాటుగా కాఫీ డబ్బా మీదికి పోయింది. తీసేశాను. ఆస్గేర్‌ని లేపి, జీపు చప్పుడు విన్నానని చెప్పి, తాడు కట్టుకున్నాను. గొళ్ళెం తీశాను. ఇంటి వెనక్కి నడిచాను, పళ్ళెం వాయిస్తూ. చప్పుడు నా చుట్టూ తిరిగింది, కుడికి, ఎడమకి, వెతుకుతున్నట్టు. నేను వాడి పేరు పెట్టి పిలిచాను. "ఇటురా నాన్నా, దీపం ఇటు" అని. గొంతు పోయేదాకా పిలిచాను. అది దగ్గరికి వచ్చింది. ఇంకా దగ్గరికి. దీపం వెలుగు అంచు దాకా వచ్చి ఆగింది. ఇంజను ఆపినప్పుడు కొద్దిగా వణుకుతుంది కదా వాడి జీపు, ఆ వణుకు కూడా విన్నాను. ఆపిల్స్ వాసన వచ్చింది. ఏమీ కనబడలేదు. కనబడిందని అబద్ధం చెప్పను. బూట్ల చప్పుడు నా పక్క నుంచి ఇంటి వైపు పోయింది, మంచు మీద, నిదానంగా, అలిసిపోయినవాడిలా. గుమ్మం దగ్గర ఆగలేదు. ఎప్పుడు ఆగాడు గనక? బూట్లతోనే లోపలికి పోయి ఉంటాడు. నేను తిట్టలేదు.

అయినా నేను లోపలికి పోలేదు. నువ్వు రావాలి. ఒకసారి ఇంట్లో కూర్చుని ఎదురుచూశాను, అది చాలు. నువ్వు వచ్చేదాకా అక్కడే నిలబడి వాయించాను. గరిటె వంగింది అందుకే.

నిన్ను లోపలికి తీసుకెళ్ళాక, ఆ రాత్రంతా గాలి హోరుమంది. నీకు గుర్తుందా? చప్పుడు రాలేదు. నువ్వు నన్ను దిగిరమ్మన్నప్పుడు నేను వాదించలేదు. ఆస్గేర్ ఆశ్చర్యపోయాడు. ఇక తలుపు తియ్యడానికి ఎవరూ అక్కర్లేదు, అందుకే.

ఆ రాత్రి పొయ్యి చల్లగా ఉంది, కాఫీ లేదు. నా ఇంటికి వచ్చి కాఫీ లేకుండా కూర్చున్న మొదటి అతిథివి నువ్వే. స్టేనర్ తర్వాత రెండోవాడివేమో. ఇద్దరిలో ఒక్కడూ నన్ను ఏమీ అనలేదు.

ఇక్కడ వంటింట్లో కప్పులు ఎక్కువ. వేసవిలో రా. బోల్టులు మళ్ళీ బిగించుకుని రా.

హాల్డోరా